ఇంటికో ఫ్యాక్టరీ ఏమైంది?

సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్ ఉన్న ఇళ్లలో చాలాసార్లు మోటారు కంటే ముందు పోయేది టైమర్ నాబ్. షాఫ్ట్ దూరే డి ఆకారపు రంధ్రం లోపల్లోపలే చీలిపోతుంది. పైన నాబ్ తిరుగుతూనే ఉంటుంది, కింద టైమర్ కదలదు. మోడల్ పాతదైతే ఆ నాబ్ విడిగా దొరకదు. బజార్లో దొరికినవి బిగవవు. చివరికి మెషిన్ మీద ఒక కటింగ్ ప్లేయర్ పెట్టుకుని, దాంతోనే షాఫ్ట్ తిప్పుకుంటూ ఏళ్లు వెళ్లదీస్తారు.

ఈ ఇబ్బంది ఎప్పుడో తీరిపోవాల్సింది. 2012-14 మధ్య విన్న మాటల ప్రకారం ఈపాటికి ప్రతి ఇంట్లో మిక్సీ పక్కన, ప్లాస్టిక్‌ను కరిగించి పొర మీద పొరగా పేర్చి వస్తువు చేసే త్రీడీ ప్రింటర్ ఒకటి ఉండాలి. ఏదైనా విరిగితే ఫైలు దింపుకుని బటన్ నొక్కాలి, కాసేపటికి కొత్తది చేతికి రావాలి. 2013 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ ముందు ప్రసంగిస్తూ అధ్యక్షుడు ఒబామా, దాదాపు ప్రతి వస్తువునూ తయారుచేసే తీరునే మార్చగల శక్తి ఈ ప్రింటింగ్‌కు ఉందన్నారు. అదే ఏడాది జూన్‌లో ఇళ్లకు ప్రింటర్లు అమ్మే మేకర్‌బాట్‌ను స్ట్రాటసిస్ కంపెనీ 40.3 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి కొనేసింది. 2015 ఏప్రిల్‌కల్లా మేకర్‌బాట్ తన సొంత దుకాణాలు మూసేసి, సిబ్బందిలో దాదాపు ఐదో వంతును తగ్గించుకుంది. ఆ డిసెంబరులో త్రీడీ సిస్టమ్స్ కంపెనీ ఇళ్ల కోసం చేసిన ‘క్యూబ్’ ప్రింటర్ తయారీని ఆపేసింది. హామీ ఇచ్చిన కంపెనీలు మూడేళ్లు తిరక్కుండా ఇంటి గడప దగ్గర నుంచి వెనక్కి మళ్లాయి.

యంత్రం పనికిరానిదై ఇలా జరగలేదు. యంత్రం అప్పుడూ పనిచేసింది, ఇప్పుడు ఇంకా బాగా పనిచేస్తోంది. 2012లో మేకర్‌బాట్ రెప్లికేటర్-2 ధర 2,199 డాలర్లు. ఈరోజు అంతకంటే వేగంగా, శుభ్రంగా పనిచేసే ప్రింటర్ 20 వేల రూపాయల లోపు దొరుకుతుంది. తప్పు అమ్మిన తీరులో ఉంది. కుట్టు మిషన్ అమ్మేవాడు ఎప్పుడైనా ‘తొక్కండి, బ్లౌజు వచ్చేస్తుంది’ అన్నాడా? కొలతలు తీసుకోవాలి, గుడ్డ కత్తిరించాలి, కుట్టాలి, తొడిగి చూసి మళ్లీ విప్పాలి. మిషన్ కొన్నవాళ్లకూ కొననివాళ్లకూ ఆ సంగతి తెలుసు. ప్రింటర్ విషయంలో మాత్రం కొలత, కత్తిరింపు, సరిదిద్దుకోవడం అన్నీ మాయం చేసి చివరి బటన్ ఒక్కటే చూపించారు.

బటన్ నొక్కాలంటే ముందు ఫైలు కావాలి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే లక్షల ఫైళ్లలో పూలకుండీలు, బొమ్మలు, ఫోన్ స్టాండ్లు ఎక్కువ. మీ ఊళ్లో పదేళ్ల కిందట అమ్మిన వాషింగ్ మెషిన్ నాబ్ డ్రాయింగ్‌ను ఎవరో గీసి పెట్టి ఉంటారనుకోవడం అత్యాశే. గీయడం రాని ఇంట్లో మొదటి నెల బొమ్మలు ముద్రిస్తారు, రెండో నెల యంత్రం మీద గుడ్డ కప్పుతారు.

లెక్క కూడా చూడాలి. 32 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల ఎత్తున్న నాబ్‌కు 8 గ్రాముల ఫిలమెంట్, అంటే ప్రింటర్ కరిగించే ప్లాస్టిక్ తీగ, పడుతుందనుకుందాం. కిలో వెయ్యి రూపాయల అటూ ఇటూ కాబట్టి సరుకు ఖర్చు 8 రూపాయలు. సమయం 45 నిమిషాలు. ఒక్కదానికి ఇది అద్భుతమైన బేరం. అదే నాబ్ వెయ్యి కావాలంటే 750 గంటలు, అంటే రాత్రింబవళ్లు ఆగకుండా 31 రోజులు. డై చేయించి ప్లాస్టిక్ మౌల్డింగ్ మెషిన్ మీద పెడితే ఒక్కో ముక్క నిమిషం లోపే వస్తుంది. షాపులో దొరికే వస్తువును ఇంట్లో ముద్రించుకోవడం దండగ. ఎక్కడా దొరకని వస్తువుకు, ఒకటో పదో చాలనుకునే వస్తువుకు దీన్ని మించిన యంత్రం లేదు. ఈ హద్దు ఎక్కడుందో మొదట్లోనే చెప్పి ఉంటే అమ్మకాలు తక్కువగా ఉండేవేమో, నిరాశ మాత్రం ఇంత ఉండేది కాదు.

ఇదే యంత్రానికి ఇంకో చరిత్ర ఉంది. కరిగిన ప్లాస్టిక్‌ను పొర మీద పొరగా పేర్చే పద్ధతికి స్ట్రాటసిస్ వ్యవస్థాపకుడు స్కాట్ క్రంప్ 1989లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. 2009లో దాని గడువు తీరింది. అంతకు నాలుగేళ్ల ముందే ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ ‘రెప్‌ర్యాప్’ అనే పని మొదలుపెట్టారు. తన విడిభాగాల్లో వీలైనన్ని తానే ముద్రించుకోగల ప్రింటర్ చేయాలన్నది ఆలోచన. 2007లో ‘డార్విన్’ అనే మొదటి యంత్రం వచ్చింది. 2008లో ఆ యంత్రం ముద్రించిన భాగాలతో దాని పిల్ల యంత్రం నిలబడింది. డ్రాయింగులు, ప్రోగ్రాములు అన్నీ ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా బయట పెట్టారు. ప్రేగ్‌కు చెందిన జోసెఫ్ ప్రూసా 2010లో ఆ డిజైన్‌ను సులువు చేశారు. మేకర్‌బాట్ కూడా ఈ చెట్టుకు కాసిన కాయే. కానీ 2012లో రెప్లికేటర్-2 దగ్గర డ్రాయింగులకు తాళం వేసుకుంది. ఈరోజు చవగ్గా దొరికే ప్రింటర్లలో చాలావాటి వంశం రెప్‌ర్యాప్ దగ్గరికే వెళ్తుంది. కొనుక్కునే భవిష్యత్తుగా అమ్మిన యంత్రం మూడేళ్లలో వాడిపోతే, విప్పి సరిచేసుకునే పనిగా పట్టుకున్న యంత్రం ఇంకా పెరుగుతోంది.

నాబ్ ఎలా వస్తుంది?

ఇప్పుడు ఆ నాబ్‌నే చేద్దాం. ఎక్కడెక్కడ తప్పుతుందో తెలిస్తే తప్ప ఈ పని ఏమిటో అర్థం కాదు.

మెషిన్ ప్లగ్ తీసేసి షాఫ్ట్‌ను వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవాలి. స్కేలు పనికిరాదు. ఇక్కడ 0.2 మిల్లీమీటర్ తేడా వస్తే నాబ్ ఎక్కదు, లేదా వదులై ఊడిపోతుంది. వ్యాసం, చదును చేసిన వైపు మందం, నాబ్ లోపలికి ఎంత దూరుతుందనే లోతు, ఈ మూడూ మూడేసి సార్లు కొలిచి రాసుకోవాలి. ఇలాంటి షాఫ్ట్‌లు తరచుగా 6 మిల్లీమీటర్ల వ్యాసం, చదును దగ్గర 4.5 మిల్లీమీటర్లు ఉంటాయి. అయినా మీ మెషిన్‌ది మీరే కొలవాలి.

కాలిపర్స్ 6.0 చూపిస్తే డ్రాయింగులో 6.0 రంధ్రం పెట్టడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. వేడి ప్లాస్టిక్ చల్లారుతూ కుంచించుకుంటుంది, వంపు తిరిగేచోట లోపలికి లాగుతుంది. అందువల్ల ముద్రించిన రంధ్రం గీసినదానికంటే 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్లు చిన్నగా వస్తుంది. ఎంత చిన్నగా అన్నది ఒక్కో ప్రింటర్‌కు ఒక్కోలా ఉంటుంది. కాబట్టి నాబ్ జోలికి వెళ్లకుండా ముందు 4 మిల్లీమీటర్ల ఎత్తున్న చిన్న ఉంగరాలు మూడు ముద్రించాలి. రంధ్రాలు 6.1, 6.2, 6.3. అన్నీ కలిపి పావుగంట పని. షాఫ్ట్ మీద పెట్టి వేలితో నొక్కితే బిగువుగా దిగి, లాగితే వచ్చేది మీ కొలత. దర్జీలు తొడిగి చూసే ట్రయల్ లాంటిదే ఇది. దీన్ని వదిలేసి నేరుగా నాబ్ ముద్రించినవాళ్లు సాధారణంగా మూడు నాబ్‌లు పారేశాక ఇక్కడికే వస్తారు.

డ్రాయింగుకు ఫ్రీక్యాడ్, ఓపెన్‌స్క్యాడ్ రెండూ ఉచితం. పిల్లలకైతే బ్రౌజర్‌లో నడిచే టింకర్‌క్యాడ్ సులువు. రంధ్రం నోటి దగ్గర అర మిల్లీమీటరు ఏటవాలు పెట్టాలి. ప్లేటుకు అంటుకునే మొదటి పొర కాస్త వెడల్పుగా నలిగి రంధ్రం నోరు మూస్తుంది. ఏటవాలు లేకపోతే కొలతంతా సరిగ్గా ఉండి కూడా షాఫ్ట్ దూరదు.

ముద్రించేటప్పుడు షాఫ్ట్ రంధ్రం నిటారుగా ఉండాలి. పొరల మధ్య అతుకు ఎప్పుడూ బలహీనమే. రంధ్రం నిటారుగా ఉంటే ప్లాస్టిక్ గీతలు షాఫ్ట్ చుట్టూ గాజుల్లా తిరుగుతాయి, తిప్పే బలాన్ని అవే ఆపుతాయి. నాబ్‌ను పక్కకు పడుకోబెట్టి ముద్రిస్తే కట్టె నిలువునా చీలినట్టు అతుకు వెంట విడిపోతుంది. బలం కోసం లోపల నింపే శాతాన్ని 80, 90కి పెంచడం ఇంకో అలవాటు, దానివల్ల సమయం పోతుంది తప్ప లాభం తక్కువ. గోడలు పెంచాలి. కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే ముక్కునే నాజిల్ అంటారు. 0.4 మిల్లీమీటర్ల నాజిల్‌తో నాలుగు గీతలు వేస్తే 1.6 మిల్లీమీటర్ల గోడ వస్తుంది. లోపల 25 శాతం చాలు. పొర మందం 0.2 మిల్లీమీటర్లు. పీఎల్‌ఏ అనే రకం ప్లాస్టిక్ అయితే నాజిల్ 200-215 డిగ్రీలు, ప్లేటు 60.

మొదటి పొర అంటుకోకపోతే చాలాసార్లు కారణం వేలి జిడ్డే. ప్లేటును గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెడితే సగం సమస్యలు పోతాయి. ఇంకో శత్రువు మన నెత్తి మీద తిరిగే సీలింగ్ ఫ్యాన్. గాలి తగిలి మూలలు ముందే చల్లారి పైకి లేస్తాయి. ప్రింటర్ చుట్టూ అట్టపెట్టె గోడ నిలబెట్టినా తేడా కనిపిస్తుంది, పైభాగం మాత్రం తెరిచి ఉంచాలి. పీఎల్‌ఏకు చుట్టూ మరీ వేడెక్కినా ఇబ్బందే.

మన ఎండ, మన ఉక్కపోత, మన కరెంటు

యంత్రంతో వచ్చే పుస్తకాల్లో లేని సమస్యలు ఇక్కడ మొదలవుతాయి. పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో నిలిపిన కారు లోపల డ్యాష్‌బోర్డు మీద ఆ వేడి మామూలే. అక్కడ పెట్టిన ఫోన్ హోల్డర్ మధ్యాహ్నానికి వంగిపోతుంది. ఇంట్లో నీడపట్టున ఉండే నాబ్‌కు పీఎల్‌ఏ చాలు. కారుకు, వంటింటి కిటికీకి పీఈటీజీ అనే ఇంకో రకం ప్లాస్టిక్ కావాలి, అది 80 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. నాజిల్ 235-250, ప్లేటు 70-80 పెట్టాలి. ఏళ్ల తరబడి ఎండలో ఉండే పొలం సామానుకు ఏఎస్‌ఏ అనే రకం మేలు, కానీ దాని వాసన ఘాటు. మూసిన గదిలో ముద్రించకూడదు. గ్యాస్ స్టవ్ నాబ్‌లు, కుక్కర్ భాగాలు, బ్రేకుకు సంబంధించినవి ఏ ఫిలమెంట్‌తోనూ ఇంట్లో చేయవద్దు. ఆహారం తగిలే గిన్నెలు కూడా వద్దు. పొరల మధ్య సందుల్లో చేరిన మురికి కడిగితే పోదు.

విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్లకు తేమతోనే అసలు పోరు. ఫిలమెంట్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. నాజిల్‌లో ఆ నీరు ఆవిరై చిటపటమంటుంది, వస్తువు మీద వెంట్రుకల్లాంటి దారాలు వేలాడతాయి, పొరలు సరిగ్గా అతకవు. ఈ లక్షణాలు చూసి నాజిల్ మార్చి, సెట్టింగులు మార్చి అలిసిపోయేవాళ్లు ఎక్కువ. ముందు ఫిలమెంట్ ఆరబెట్టి చూడాలి. పీఎల్‌ఏను 45-50 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంచితే చాలు. వంటింటి ఓవెన్‌లో పెట్టవద్దు. అంత తక్కువ వేడిని అది నిలకడగా పట్టి ఉంచలేదు, ఫిలమెంట్ చుట్ట మొత్తం ముద్దయిపోతుంది. ఆరిన వెంటనే బిగుతు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచాలి. ఊరగాయ జాడీకి తడి గరిటె తగలనివ్వని ఇంటికి ఈ జాగ్రత్త కొత్తగా నేర్పక్కర్లేదు.

కరెంటు పోయినా ఆగినచోట నుంచి మొదలుపెడుతుందని ప్రింటర్ పెట్టె మీద రాసి ఉంటుంది. మొదలవుతుంది కూడా. కానీ ఈలోపు ప్లేటు చల్లారి వస్తువు ఊడిపోతుంది. ఊడకపోతే ఆగినచోట గీత పడి, తర్వాత అక్కడే విరుగుతుంది. ఇంటి ఇన్వర్టర్ ఉంటే దానికి తగిలించవచ్చు. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది, మామూలు మోడ్‌లో లైను మారే ఆ క్షణానికే ప్రింటర్ రీసెట్ అయ్యే ప్రమాదం ఉంది. వేడెక్కేటప్పుడు చిన్న ప్రింటర్ కూడా 300 వాట్ల దాకా లాగుతుంది, తర్వాత అందులో సగం కూడా పట్టదు.

తెలుగు అక్షరం

ప్రింటర్ కొన్న తెలుగువాళ్లు తొందరగా చేయాలనుకునే వాటిలో ఇంటి పేరున్న బోర్డు ఒకటి. అక్కడే చిక్కుకుపోతారు కూడా. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు ఒక్కోటి ఒక్కో ముక్క. కత్తిరించినా విడిపోవు. మన అక్షరం అలా కాదు. చాలా ఫాంట్లలో ప, ష, హ లాంటి వాటి తలకట్టు ఒంటికి అంటదు, వత్తు కింద విడిగా కూర్చుంటుంది. తాళంచెవి గుత్తికి అక్షరాన్నే ముద్రిస్తే నాలుగు ముక్కలై చేతికొస్తుంది. ఈ పనిముట్లు తయారుచేసినవాళ్లు మన లిపిని ఊహించలేదు. దారి మనమే వేసుకోవాలి.

2 మిల్లీమీటర్ల పలక, దాని మీద 1.2 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాలు అయితే సమస్య తీరుతుంది. పొర 0.2 అయితే పలక పదో పొరతో అయిపోతుంది. పదకొండో పొర దగ్గర ప్రింటర్ ఆగేలా, డ్రాయింగును పొరలుగా కోసే స్లైసర్ ప్రోగ్రాములో పెట్టి ఫిలమెంట్ రంగు మారిస్తే రెండు రంగుల బోర్డు ఒకే నాజిల్‌తో వస్తుంది. డ్రాయింగ్ ప్రోగ్రాములో నేరుగా తెలుగు టైప్ చేస్తే వత్తులు చెదిరిపోతుంటాయి. ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి, అక్షరాలను పాత్‌గా మార్చి, ఎస్వీజీ ఫైలుగా దాచి, దాన్ని ఓపెన్‌స్క్యాడ్‌లోకి తెచ్చుకోవడం నమ్మదగిన పద్ధతి. ఫ్లెక్సీ షాపులో అనూ ఫాంట్‌తో కోరల్‌డ్రాలో కంపోజ్ చేయించి, కర్వ్స్‌గా మార్చి ఇమ్మన్నా అంతే.

ఫాంట్ ఎంపిక అందం కోసం మాత్రమే కాదు. 0.4 నాజిల్ నిలకడగా వేయగలిగే గీత 0.8 మిల్లీమీటర్లు, అంటే రెండు వరసలు. అంతకంటే సన్నటి గీతను స్లైసర్ కొన్నిసార్లు వదిలేస్తుంది. థ మధ్య చుక్క ఎగిరిపోతే అది ధ అవుతుంది, ధ అడుగు గీత ఎగిరిపోతే ద అవుతుంది. ధర్మవరం కాస్తా దర్మవరం అవుతుంది. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లలో రామభద్ర లాంటి మందపాటివి ఎంచుకుని, అక్షరం ఎత్తు 12 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకుంటే వత్తులు కూడా నిలుస్తాయి. మన ఫాంట్లు విప్పి చూసి, ప్రింటర్ కోసమే తలకట్టు ఒంటికి అంటేలా, వత్తు పైఅక్షరానికి తగిలేలా దిద్దిన ఒక ఫాంట్ ఉంటే ఈ తంటాలన్నీ పోతాయి. ఒక అక్షరాల కళాకారుడు, ఒక ప్రింటర్ తెలిసిన వ్యక్తి కలిసి కూర్చుంటే అయ్యే పని ఇది.

విప్పి చూసే వీలే లేని హామీలూ ఉన్నాయి. 2017 సెప్టెంబరులో విజయవాడ-అమరావతి మధ్య హైపర్‌లూప్ (గాలి తీసేసిన గొట్టంలో నడిచే వాహనం) కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ ఒక అమెరికా కంపెనీతో ఒప్పందం రాసుకుంది. గంటకు పైగా పట్టే ప్రయాణం ఐదారు నిమిషాలన్నారు. ఇదే రంగంలోని మరో పెద్ద కంపెనీ హైపర్‌లూప్ వన్, 2020 నవంబరులో నెవాడాలో ఇద్దరిని 500 మీటర్ల గొట్టంలో గంటకు 172 కిలోమీటర్ల వేగంతో నడిపి చూపించి, 2023 చివర్లో మూతపడింది. అలాంటి హామీ ముందు పౌరుడు చేయగలిగింది ఎదురుచూడడమే. విప్పి చూడడానికి మూత కూడా ఉండదు. ఏ కొత్త టెక్నాలజీ గురించి విన్నా మొదట అడగాల్సిన ప్రశ్న ఇదేనని నాకనిపిస్తుంది: పాడైతే దీన్ని మన ఊళ్లో విప్పగలరా?

ఆసు యంత్రం కనిపెట్టిన చేనేత కార్మికుడు చింతకింది మల్లేశం ముందు త్రీడీ ప్రింటర్ లేదు. పట్టుచీర కోసం ఆసు పోయడమంటే, నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడమంటే, ఒక్కో చీరకు చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలి. తల్లి భుజాల నొప్పి చూసి ఆయన 1992లో యంత్రం మొదలుపెట్టారు, పూర్తయ్యేసరికి 1999. మొత్తం యంత్రాన్ని ఒకేసారి ఊహించలేదు. చేతి కదలికను ముక్కలు చేసి ఒక్కో కదలికకు ఒక్కో పరిష్కారం వెతికారు. చివరి చిక్కుముడి హైదరాబాద్‌లో పనిచేసేచోట కనిపించిన ఒక యంత్రం కదలికతో వీడింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి మనిషికి వారంలో పది నమూనాలు ముద్రించుకునే వీలుంటే ఏడేళ్లు ఎంత తగ్గేవో ఆలోచించాలి. పని తెలియని చేతికి ప్రింటర్ ఇచ్చి ఆసు యంత్రం రావాలని కోరుకోవడం మాత్రం కుదరదు.

హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన, నమూనాలు తయారుచేసుకునే కేంద్రం టీ-వర్క్స్ లాంటి చోట్ల పెద్ద యంత్రాలు ఉన్నాయి. జిల్లాల్లో ఆ పాత్ర కేంద్ర ప్రభుత్వం బడుల్లో పెట్టించే అటల్ టింకరింగ్ ల్యాబులది. ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు. 10 లక్షలు ఏర్పాటుకు, మిగతాది ఐదేళ్ల నిర్వహణకు. మరో 50 వేల ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ల్యాబుల సంఖ్య లెక్కపెడితే సరిపోదు. ఏడాదిలో ఆ బడి ఎన్ని కిలోల ఫిలమెంట్ వాడిందో అడగాలి. ఒక్క కిలో కూడా ఖాళీ కాని బడిలో ప్రింటర్ ఉన్నా లేనట్టే. నాజిల్ మూసుకుపోయినప్పుడు మార్చడానికి చిన్న ఇత్తడి నాజిల్ లేక నెలలపాటు యంత్రం ఆగిపోకుండా, కొనేటప్పుడే ఐదు నాజిళ్లు, ఫిలమెంట్ నడిచే పీటీఎఫ్‌ఈ గొట్టం ఒక మీటరు, ఐదు కాలిపర్స్, సిలికా జెల్ అదే బిల్లులో ఉండాలి.

మొదటి నెల ఇంటర్నెట్ నుంచి ఏ ఫైలూ దింపనివ్వకూడదు. బడిలోనే విరిగినవి వెతకాలి. సొరుగు పిడి, కిటికీ కొక్కెం, మైక్రోస్కోపు క్లిప్పు, సైకిల్ బెల్లు బిగించే పట్టీ. కొలవాలి, గళ్ల కాగితం మీద గీయాలి, ఉంగరం ముద్రించి సరిచూడాలి, అప్పుడు వస్తువు. పక్కనే ఒక రిజిస్టరు ఉండాలి. గీసిన కొలత, వచ్చిన కొలత, ఎవరు బిగించారు, ఎన్ని రోజులు నిలిచింది, ఎక్కడ విరిగింది. జూన్‌లో బిగించిన కిటికీ కొక్కెం మరుసటి మే ఎండకు ఏమైందో ఆ పుస్తకంలో ఎనిమిదో తరగతి పిల్ల చేతిరాతతో ఉండాలి.